పొలం మోటారుకి ఇంటి నుంచే స్విచ్: లోరా పెట్టేటప్పుడు డబ్బులు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టక్కర్లేదు

పర్లాకిమిడిలో మా ఇంటికీ పొలానికీ మధ్య మహేంద్రతనయ నది, ఒక పెద్ద కొబ్బరితోట, మొత్తం మూడు కిలోమీటర్లు. త్రీ ఫేజ్ కరెంటు ఒకప్పుడు పగలొస్తాది, ఒకప్పుడు రాత్రి రెండింటికొస్తాది, వచ్చిందో లేదో చూడ్డానికి మా చినమావయ్య టార్చిలైటు పట్టుకుని గట్లమ్మట పోవాలి, వానాకాలం ఆ గట్ల మీద ఏముంటాయో మీకు తెలుసు. సిమ్ కార్డు స్టార్టర్ ఉంది కదా అంటారు, పెట్టాం, ఏడాది వాడాం. మా పొలం కచ్చితంగా బోర్డర్ మీద, ఒక మడిలో నిలబడితే ఫోను ఒడిశా టవర్ పట్టుకుంటాది, నాలుగు మళ్ళు పాతపట్నం వైపు నడిస్తే ఆంధ్రా టవర్, మోటారు షెడ్డు దగ్గరకొచ్చేసరికి ఏదీ సరిగ్గా పట్టదు. పైగా సిమ్‌లో బేలన్స్ అయిపోయిన సంగతి నారుమడి ఎండాకే తెలిసింది. 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను మా గజపతి జిల్లా మీంచి పోయినప్పుడు ఫోన్లు ఎన్నాళ్ళు మూగబోయాయో ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు. అందుకే టవర్‌తో పనిలేకుండా ఇంటి మేడ మీద ఒక డబ్బా, మోటారు షెడ్డులో ఒక డబ్బా పెట్టుకున్నాం, రెండూ లోరా అనే, తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో మీద మాట్లాడుకుంటాయి. మూడుసార్లు పీకి మూడుసార్లు కట్టాక నాకర్థమైందేటంటే చిప్పులు ఎప్పుడో బాగుపడిపోయాయి, మనం పాడుచేసేది తీగలూ కనెక్టర్లూ దగ్గరే.

ముందు లోరా దేనికి పనికిరాదో చెప్తాను. కెమెరా వీడియో రాదు. లోరాలో వెళ్ళేది సెకనుకి కొన్ని వందల బిట్ల నుంచి కొన్ని వేల బిట్ల దాకానే, "కరెంటొచ్చింది", "మోటారు వెయ్యి", "వేశాను" ఇలాంటి పొట్టి మాటలకి అది బోలెడు. 2025లో లోరా చిప్పులు చేసే సెమ్‌టెక్ కంపెనీ వాళ్ళు ఎల్ఆర్2021 అని కొత్త చిప్ ప్రకటించారు, సెకనుకి 2.6 మెగాబిట్ల దాకా పోతాదట, కానీ వేగం పెరిగితే దూరం తగ్గుతాది, ఆ లెక్క ఏ చిప్పూ తప్పించుకోలేదు. వైఫై హేలో అని, మామూలు వైఫై కన్నా దూరం పోయేది ఇంకోటుంది, కెమెరాకి బాగుంటాది గానీ ఆన్‌లైన్‌లో దొరికే బోర్డులు చాలావరకు అమెరికా ఫ్రీక్వెన్సీ బాండ్ 902-928 మెగాహెర్ట్జ్‌కి చేసినవి, మనకి పనికిరావు. కెమెరాయే కావాలంటే 5.8 గిగాహెర్ట్జ్ వైఫై బ్రిడ్జి రెండు డిష్షులు ఎదురెదురుగా పెట్టుకోండి, కానీ దానికి మధ్యలో ఒక్క చెట్టు కూడా ఉండకూడదు, మా కొబ్బరితోట చూస్తే ఆ ఆశ నాకు లేదు.

ఇక చిప్. లోరా పద్ధతి ఫ్రాన్స్‌లో సైక్లియో అనే చిన్న కంపెనీలో పుట్టింది, 2012లో సెమ్‌టెక్ కొనేసింది. పాత బోర్డుల మీద ఎస్ఎక్స్1276 ఉంటాది, కొత్త వాటి మీద ఎస్ఎక్స్1262. కొనేటప్పుడు 1262యే అడగండి. పంపేటప్పుడు 22 డీబీఎమ్ (రేడియో పవర్ కొలత) ఇస్తాది, అంటే దగ్గర దగ్గర 158 మిల్లీవాట్లు, వినేటప్పుడు 5 మిల్లీ ఆంపియర్ల లోపే తింటాది, పాతది దానికి రెట్టింపు తింటాది. చౌకగా ఎల్ఎల్‌సీసీ68 అని వస్తాది, చూడ్డానికి 1262లాగే ఉంటాది, కానీ 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఎస్ఎఫ్9 దాటి పోదు (ఎస్ఎఫ్ అంటే స్ప్రెడింగ్ ఫాక్టర్, 12 దాకా మెట్లుంటాయి, ఎక్కేకొద్దీ మాట నెమ్మది, దూరం ఎక్కువ). రెండు మూడు కిలోమీటర్ల బయలుకి అదీ చాలు, కానీ చెట్లుంటే అవతలి రెండు మూడు మెట్లు ఉండాలనిపిస్తాది, ఆ కొద్ది తేడాకి ఎందుకు ఇరుక్కోవడం.

చేతికి కొత్తయితే ఒట్టి మాడ్యూల్ (రేడియో ఒక్కటే ఉన్న బిళ్ళ) కొనకండి, ఈఎస్‌పీ32 అనే చిన్న ప్రాసెసర్‌తో కలిపి ఒకే బోర్డు మీద వచ్చేది కొనండి. ఒట్టి మాడ్యూల్ కాళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, సాల్డరింగ్ చెయ్యి తిరగని వాళ్ళకి కన్నీళ్ళే. బోర్డు కొన్నా రెండు చోట్ల అందరూ పడతారు, నేనూ పడ్డాను. ఒకటి, ఆర్డుయినోలో (బోర్డుకి ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్) రేడియోలిబ్ అనే రెడీమేడ్ లైబ్రరీ వేసి మొదలెట్టగానే మైనస్ 707 అని ఎర్రర్ వస్తాది, చిప్ పోయిందని బెంగపడొద్దు, ఆ లైబ్రరీ మీ బోర్డు మీద టీసీఎక్స్‌ఓ అనే, వేడికి ఫ్రీక్వెన్సీ పెద్దగా జరగని మంచి రకం క్రిస్టల్ ఉందనుకుని దానికి ఓల్టేజి ఇవ్వబోతాది, మీదాంట్లో మామూలు క్రిస్టలే ఉంటే గొడవ, టీసీఎక్స్‌ఓ ఓల్టేజి సున్నా అని రాస్తే పోతాది. వీలైతే టీసీఎక్స్‌ఓ ఉన్నదే కొనండి, మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద డబ్బా ఎంత కాలుతుందో ఊహించుకోండి, మామూలు క్రిస్టల్ వేడికి జరుగుతాది, ఇంటి దగ్గర చల్లగా ఉన్న దానికీ దీనికీ ఫ్రీక్వెన్సీ తేడా వచ్చేస్తాది. రెండోది, డీఐఓ2 కాలుతో యాంటెన్నా స్విచ్ తిప్పమని ప్రోగ్రామ్‌లో చెప్పాలి. చెప్పకపోతే పంపేశానని చిప్ అంటాది, ఎర్రర్ ఏమీ రాదు, కానీ పక్క గదికి తప్ప అందదు. కొన్ని ఒట్టి మాడ్యూళ్ళలో దీనికి టీఎక్స్ఈఎన్, ఆర్ఎక్స్ఈఎన్ అని వేరే కాళ్ళుంటాయి, అవి కలపకుండా వదిలేసి "రేంజ్ లేదు" అని తిట్టుకునేవాళ్ళు బోలెడంతమంది.

ఫ్రీక్వెన్సీ సంగతి చిన్నదే కానీ తప్పకూడదు. మన దేశంలో లైసెన్స్ లేకుండా ఇలాంటివాటికి ఉన్నది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్, 2005లో 867 దాకా ఇచ్చారు, 2021లో 868 దాకా పెంచారు. 915 అని రాసున్న బోర్డు చౌకగా వచ్చిందని అలాగే ఆన్ చెయ్యకండి, మనకి 890 నుంచి 915 దాకా ఫోన్లు టవర్‌తో మాట్లాడే దారి. 868 బోర్డయితే ప్రోగ్రామ్‌లో 865.4 అనో 866 అనో పెట్టుకుంటే అయిపోతాది. బోర్డు అమ్మేవాణ్ణి ఈటీఏ ఉందా అని కూడా అడగండి, అది లైసెన్స్ అక్కర్లేని బాండ్‌లో వాడే వస్తువుకి ఉండాల్సిన అనుమతి.

ఇప్పుడు అసలు కథ, కేబుల్. మొదటిసారి నేనేం చేశానంటే డబ్బా కింద గదిలో పెట్టి, మేడ మీద పైపుకి యాంటెన్నా కట్టి, మధ్యలో పదిహేను మీటర్ల ఆర్జీ58 నల్ల కేబుల్ లాగాను, చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉందో. 866 దగ్గర ఆ కేబుల్ మీటరుకి అర డీబీ మింగుతాది (డీబీ సిగ్నల్ లెక్క, మూడు పోతే సగం పోయినట్టు). పదిహేను మీటర్లకి ఏడున్నర డీబీ. 158 మిల్లీవాట్లు బయల్దేరితే యాంటెన్నాకి చేరేవి 28. మిగతాదంతా కేబుల్ వేడెక్కడానికి. సిగ్నల్ సరిపోలేదని నేను ఒక వాట్ మాడ్యూల్ కొన్నాను, 30 డీబీఎమ్ది, అంటే ఎనిమిది డీబీ ఎక్కువ. కేబుల్ మింగిన ఏడున్నరకి ఎనిమిది పోశానన్నమాట, చిల్లు కుండకి నీళ్ళు పోసినట్టు. పైగా అది పంపేటప్పుడు అర ఆంపియర్ పైన లాగుతాది, చిన్న పవర్ సప్లై అయితే బోర్డు రీసెట్ అయిపోతాది. ఇంకో సంగతి, పవర్ పెంచితే నా మాట అవతలకి గట్టిగా వినిపిస్తాది, అంతే, అవతలివాడి మాట నాకు వినిపించడానికి అది ఒక్క పైసా పనిచెయ్యదు. కేబుల్ తగ్గిస్తే రెండు వైపులా లాభం.

కాబట్టి ఇలా చెయ్యండి: రేడియో బోర్డునే పైకి తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో, నీళ్ళు పోనిది, యాంటెన్నాకి జానెడు దూరంలో బోర్డు పెట్టి, కిందకి మాత్రం కరెంటు తీగా, ఆర్ఎస్485 (రెండు తీగల మీద కబురు పంపే పద్ధతి) జతా దించండి. ఆర్ఎస్485 వందల మీటర్లు పోతాది, దానికి మామూలు లాన్ కేబుల్ చాలు. ఇనప డబ్బా వద్దు, యాంటెన్నా లోపల ఉండిపోతే రేడియోకి అది గోరీ.

తప్పనిసరిగా కేబుల్ లాగాల్సొస్తే ఎల్ఎంఆర్400 రకం వంద మీటర్లకి 13 డీబీ లోపే మింగుతాది, కానీ ఖరీదు, లావు, వంగదు. ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి, టీవీ డిష్‌కి వాడే ఆర్జీ6 కేబుల్‌ని అందరూ వెక్కిరిస్తారు, 75 ఓమ్స్ కదా మనది 50 ఓమ్స్ కదా అని. లెక్క చూడండి, ఆ తేడా వల్ల ఒక్కో చివర పోయేది డీబీలో ఐదో వంతు, ఆర్జీ6 మాత్రం వంద మీటర్లకి 20 డీబీ దగ్గరే మింగుతాది, అంటే ఆర్జీ58లో సగం కన్నా తక్కువ. లోపలి తీగ ఇనుము మీద రాగిపూత కదా అంటారేమో, ఈ ఫ్రీక్వెన్సీలో కరెంటు తీగ పైపొర మీదే పోతాది, లోపల ఏమున్నా ఫరవాలేదు. నేను ఆరు నెలలు దాంతోనే నడిపాను, సిగ్గుపడలేదు.

కనెక్టర్లు. ఇది ఎవరికీ జరక్కూడదు. ఎస్ఎంఏ కనెక్టర్లో మధ్యన సూదుంటాది, రెండో వైపు ఆ సూది దిగే కన్నం ఉంటాది. ఆర్‌పీ ఎస్ఎంఏ అని వైఫై రౌటర్లకి వచ్చేదుంటాది, మరలు అవే, బయటి రూపం అదే, కానీ సూదీ కన్నం తారుమారు. నా దగ్గర బోర్డుకి ఒకటి, యాంటెన్నాకి ఇంకోటి వచ్చాయి, రెండు వైపులా కన్నమే. చక్కగా మర బిగిసింది, పట్టుకారుతో ఇంకో పావు తిప్పు కూడా తిప్పాను, ఊగడం లేదు కదలడం లేదు, చూసినవాడెవడైనా భేష్ అంటాడు. లోపల సూదే లేదు, ఏదీ దేనికీ తగల్లేదు. పెరట్లోనే సిగ్నల్ మైనస్ 118 డీబీఎమ్ చూపిస్తోంది, అంటే దాదాపు లేనట్టే, మూడు రోజులు ప్రోగ్రామ్ మారుస్తూ కూర్చున్నాను, మా బావ వచ్చి "ఇందులో పుల్ల లేదేటిరా" అని లైటేసి చూపించాడు. అప్పటికి అది యాంటెన్నా లేకుండా పంపుతూనే ఉంది, అలా పంపితే వెళ్ళాల్సిన పవర్ తిరిగి చిప్ మీదకే వస్తాది, నా చిప్ బతికింది గానీ అందరిదీ బతకదు. కాబట్టి బిగించే ముందు రెండు వైపులా వెలుతురులో చూడండి, యాంటెన్నా బిగించాకే కరెంటివ్వండి.

బోర్డు మీద చిన్న గుండ్రటి కనెక్టర్ ఉంటాది, యూ.ఎఫ్ఎల్ అనో ఐపెక్స్ అనో అంటారు, అది ముప్పై సార్లు పెట్టి తియ్యడానికే చేసింది. టెస్టింగ్ అని రోజూ పీకితే లూజైపోతాది. ఒకసారి పెట్టి, వేడి గమ్ము ఒక చుక్క పక్కన వేసి మర్చిపోండి, మార్పులేమైనా ఎస్ఎంఏ వైపు చేసుకోండి.

యాంటెన్నా. బోర్డుతో వచ్చే స్ప్రింగు తీగ తీసి పిల్లలకిచ్చెయ్యండి. 868/915 రెండింటికీ అని అమ్మే నల్ల పుల్లలు చాలావరకు 915 దగ్గరే కుదురుగా ఉంటాయి. ఎలా తెలుస్తాదంటే నానోవీఎన్ఏ అనే చిన్న మీటరుంది, పాత రోజుల్లో ఇలాంటి మీటరు కాలేజీ లాబ్‌లోనే చూసేవాళ్ళం, ఇప్పుడు జేబులో పడతాది. ముందు దాంతో వచ్చిన మూడు మూతలతో కాలిబ్రేషన్ చెయ్యాలి, ఒకటి ఖాళీది, ఒకటి షార్ట్, ఒకటి 50 ఓమ్స్ది. తర్వాత యాంటెన్నా పెట్టి 800 నుంచి 950 దాకా చూడండి, గీత ఎక్కడ గుంటలా కిందకి దిగితే అక్కడ యాంటెన్నా కుదిరినట్టు. గుంట 866 పైన ఉంటే పుల్ల పొట్టి, కింద ఉంటే పొడుగు. కానీ దీని గురించి మరీ పిచ్చి పట్టించుకోకండి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత కుదరలేదో చెప్పే అంకె) 3 ఉన్నా పోయేది ఒకటింపావు డీబీయే, పైన చెప్పిన కేబుల్ ఏడున్నర మింగింది గుర్తుందిగా.

సొంతంగా చేసుకోవడం తేలిక, నాది అదే. 866 మెగాహెర్ట్జ్‌కి అల పొడవు 34.6 సెంటీమీటర్లు, అందులో పావు వంతు 8.65. ఇంటి వైరింగ్‌కి వాడే రాగి తీగ, ఒకటిన్నర స్క్వేర్ది, తొడుగు ఒలిచి 9 సెంటీమీటర్లు తెంపి, రేకు మీద బిగించే ఎస్ఎంఏ సాకెట్ మధ్య కాలుకి సాల్డర్ చెయ్యండి నిట్టనిలువుగా. నాలుగు మూలల కన్నాలకి ఇంకో నాలుగు తీగలు, ఒక్కోటీ 9 సెంటీమీటర్లు, గొడుగు ఊచల్లాగ 45 డిగ్రీలు కిందకి వంచండి. మీటరు పెట్టి నిలువు తీగని మిల్లీమీటరు మిల్లీమీటరు చొప్పున కత్తిరించుకుంటూ రండి, ఒకేసారి అర సెంటీ తెంపితే మళ్ళీ మొదటికే, నేను రెండు తీగలు పారేశాను. పైన పీవీసీ పైపు ముక్క తొడిగితే గుంట కొంచెం కిందకి జరుగుతాది, అందుకని పైపు తొడిగాకే చివరి కత్తిరింపు.

ఎత్తు అన్నిటికన్నా పెద్దది, దీనికి ఏ చిప్పూ సాటిరాదు. మూడు కిలోమీటర్ల ఖాళీ గాలిలో సిగ్నల్ 101 డీబీ తగ్గుతాది, 22 పంపి రెండు వైపులా యాంటెన్నాల బలం రెండేసి కలిపితే అవతల మైనస్ 75 రావాలి. మాకొచ్చింది మైనస్ 104. ఆ ఇరవైతొమ్మిది డీబీ కొబ్బరితోట తినేసింది. రేడియో అల దారంలా సన్నగా పోదు, మధ్య దారిలో ఉబ్బుతాది, మూడు కిలోమీటర్లకి సరిగ్గా మధ్యన ఆ ఉబ్బు 16 మీటర్ల వెడల్పు అనుకునేరు, కాదు, మధ్యగీత నుంచి నలువైపులా 16 మీటర్లు. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి, అంటే చెట్ల తలల మీంచి పది మీటర్లు పైన గీత పోవాలి. మనవల్ల కాదు, కానీ మేడ మీద పైపు రెండు మీటర్లు పెంచితే మాకు ఆరు డీబీ కలిసొచ్చింది, ఆ పైపు పాత డిష్ స్టాండుది, ఖర్చు సున్నా.

టెస్ట్ ఎలాగంటే ఇంటి దగ్గర డబ్బా ఐదు సెకన్లకొకసారి 1, 2, 3 అని అంకెలు పంపేలా పెట్టి, రెండోది పవర్ బ్యాంక్‌తో పట్టుకుని పొలం వెళ్ళండి. ఎన్ని అంకెలు తప్పాయో, ఆర్ఎస్ఎస్ఐ (సిగ్నల్ బలం), ఎస్ఎన్ఆర్ (చుట్టూ ఉన్న రొదతో పోలిస్తే సిగ్నల్) ఎంతో రాసుకోండి. ఎస్ఎన్ఆర్ ముఖ్యం. ఎస్ఎఫ్7కి మైనస్ 7.5 దాకా వినపడతాది, ఒక్కో మెట్టు ఎక్కితే ఇంకో రెండున్నర లోతుకి వింటాది, ఎస్ఎఫ్12కి మైనస్ 20. మెట్టు ఎక్కినప్పుడల్లా మాట చెప్పడానికి పట్టే టైము దాదాపు రెట్టింపు, చిన్న మెసేజికే ఎస్ఎఫ్7లో సెకనులో చిన్న తునక, ఎస్ఎఫ్12లో దాదాపు సెకను. మోటారుకి సెకను ఆలస్యమైతే కొంపేం మునగదు. మేము ఎస్ఎఫ్10 పెట్టుకున్నాం. టెస్ట్ ఎండాకాలంలో చేసి సంబరపడకండి, తడిసిన ఆకు ఎండిన ఆకు కన్నా ఎక్కువ మింగుతాది, జూలైలో వాన పడ్డాక మాది ఇంకో ఐదు డీబీ పడిపోయింది. పది డీబీ మిగులుంచుకోండి.

స్టార్టర్ దగ్గర మాత్రం మీరు చెయ్యి పెట్టొద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అతనికి చెప్పాల్సింది చెప్తాను. పచ్చ బటన్‌కి సమాంతరంగా ఒక రిలే కాంటాక్ట్, ఎర్ర బటన్‌తో వరసలో ఇంకోటి, అంతే, పచ్చ రిలే ఒక్క సెకను నొక్కినట్టు నొక్కి వదిలెయ్యాలి. కానీ చాలా డీఓఎల్ స్టార్టర్లలో (మోటారుకి నేరుగా కరెంటిచ్చే రకం) కాయిల్ 415 ఓల్ట్‌ది, రెండు ఫేజుల మధ్య. మనం కొనే నీలం రంగు చిన్న రిలే మీద 250 అనే రాసుంటాది. దాన్ని 415కి నేరుగా కట్టకూడదు, మధ్యలో ఆ ఓల్టేజికి తగిన రిలే పెట్టించండి. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజ్ పోతే మోటారు ఆపేది) ఉంటే దాని కాంటాక్ట్ నుంచే "మూడు ఫేజులూ వచ్చాయి" అనే కబురు తీసుకోవచ్చు, మా చినమావయ్యకి సగం సుఖం ఆ కబురుతోనే, ఇంటి దగ్గర బజర్ మోగితే లేస్తాడు లేకపోతే పడుకుంటాడు.

ప్రోగ్రామ్‌లో మూడు మాటలు మర్చిపోవద్దు. "వెయ్యి" అని పంపగానే వేసినట్టు కాదు, మోటారు తీగకి క్లాంపులాంటి కరెంటు సెన్సర్ పెట్టి నిజంగా తిరుగుతుంటేనే ఇంటి దగ్గర పచ్చ లైటు వెలగాలి. ఇంటి నుంచి ప్రతి రెండు నిమిషాలకీ "ఉన్నాను" అని కబురు పోవాలి, పది నిమిషాలు రాకపోతే పొలం డబ్బా తనంతట తనే మోటారు ఆపెయ్యాలి, బోరు ఎండిపోయి మోటారు కాలడం కన్నా నీళ్ళు కాసేపు ఆగడం నయం. మూడోది, గాల్లో పోయే మాట ఎవడైనా వినొచ్చు, రికార్డ్ చేసి మళ్ళీ వదలొచ్చు, అందుకని ప్రతి మాటకీ పెరుగుతూ పోయే నంబరు కలిపి ఏఈఎస్ అనే రహస్య సంకేత పద్ధతితో తాళం వెయ్యండి, పాత నంబరు వస్తే డబ్బా పట్టించుకోకూడదు. ఆ నంబరు కరెంటు పోయినా చెరిగిపోకుండా మెమరీలో దాచాలి, నేను దాచలేదు, కరెంటు పోయొచ్చాక ఇంటి డబ్బా ఒకటి నుంచి మొదలెట్టింది, పొలం డబ్బా మొహం తిప్పుకుంది.

బ్యాటరీ పెట్టేవాళ్ళకి ఒక లెక్క: రేడియో రోజంతా విన్నా 120 మిల్లీ ఆంపియర్ అవర్ల లోపే, ఈఎస్‌పీ32 ఊరికే మెలకువగా ఉంటే వైఫై ఆపేసినా దానికి ఏడెనిమిది రెట్లు తింటాది. దాన్ని నిద్రపుచ్చి రేడియో లేపేలా రాసుకోండి, లేదా రేడియో, ప్రాసెసర్ ఒకే చిప్పులో ఉన్న ఎస్‌టీఎం32డబ్ల్యూఎల్ రకం చూడండి.

పిడుగులకి పైపుని ఎర్త్ చెయ్యండి, యాంటెన్నా దారిలో గ్యాస్ ట్యూబ్ అరెస్టర్ (ఎక్కువ ఓల్టేజిని ఎర్త్‌కి మళ్ళించేది) పెట్టండి, నెత్తిన పడే పిడుగుని అదేం ఆపదు గానీ దూరంగా పడ్డవాటికి చిప్ బతుకుతాది. డబ్బాలోకి తీగలు కింద నుంచే రావాలి, వచ్చే ముందు ఒక వంపు కిందకి వేలాడాలి, నీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి. కన్నాలకి సిలికాన్ నిండా పెట్టండి, నేను వాన గురించే ఆలోచించి కింద కన్నం వదిలేశాను, సంక్రాంతికి మూత తీస్తే ఎర్రచీమలు రిలే మీద గుడ్లు పెట్టుకున్నాయి.